రంజను నీళ్ల నుంచి నల్లా నీళ్ల దాకా: మన తండాల మంచినీళ్ల చరిత్ర



మన చరిత్ర అనగానే ఎద్దుల బిడారులు, అద్దాల రవికలు, తీజ్ పాటలు, సేవాలాల్ మహరాజ్ బోధలు గుర్తుకొస్తాయి. అవన్నీ మనవే, వాటిని కాపాడుకోవాలి. అయితే మన తాతలు, ముత్తాతలు ఏ నీళ్లు తాగి బతికారు, ఆ నీళ్లు వాళ్ల ఒంటిని ఏం చేశాయి అన్నది కూడా చరిత్రే. ఇది పుస్తకాల్లో తక్కువగా దొరుకుతుంది, మన పెద్దల పళ్ల మీద, వంగిన నడుముల మీద ఎక్కువగా కనిపిస్తుంది. ముఖ్యంగా నల్లగొండ జిల్లా దేవరకొండ, చందంపేట, మర్రిగూడ వైపు తండాల నుంచి వచ్చిన పిల్లలకు ఈ సంగతి తెలిసి ఉండాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

రాగిరేకు మీద నీళ్ల హక్కు

మన పెద్దలు తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. షాజహాన్ కాలంలో మొగల్ సైన్యం దక్కన్ మీదికి వచ్చినప్పుడు భంగీ, జంగీ అనే అన్నదమ్ముల నాయకత్వంలో మన వాళ్లు లక్షకు పైగా ఎద్దుల మీద సైన్యానికి ధాన్యం మోసుకొచ్చారట. అందుకు మెచ్చి వజీరు అసఫ్‌ఖాన్ ఒక రాగిరేకు రాయించి ఇచ్చాడట. అందులోని హక్కుల్లో మొదటిది నీళ్లదే. దారిలో ఎవరి ఇంటి ముందు రంజను కనబడితే ఆ రంజనులోని నీళ్లు తీసుకోవచ్చు. రెండోది గడ్డి హక్కు. ఎద్దులకు మేత లేకపోతే ఇంటి కప్పు మీది గడ్డి అయినా తీసుకోవచ్చు.

ఈ కథను బ్రిటిష్ అధికారులు 19వ శతాబ్దంలోనే రాసిపెట్టారు. ఎద్దుల లెక్క ఎంతవరకు నిజమో ఎవరూ చెప్పలేరు. కానీ ఒక సమాజం తనకు దక్కిన గొప్ప గౌరవంగా నీళ్ల హక్కును గుర్తుపెట్టుకుందంటే, ఆ సమాజానికి నీళ్లంటే ఏమిటో అర్థమవుతుంది. మధ్యప్రదేశ్‌లోని సాగర్ పట్టణంలో పెద్ద చెరువును ఇప్పటికీ లాఖా బంజారా చెరువు అనే పిలుస్తారు. దాన్ని మన లాఖా బంజారాయే తవ్వించాడని అక్కడి జనం చెప్పుకుంటారు.

బిడారు అంటే వందల ఎద్దులు, వాటి వెంట మనుషులు, పిల్లాజెల్లా. రోజూ ఇంత దూరం నడిచి, నీళ్లున్న చోటనే మజిలీ వేయాలి. ఏ వాగు ఎప్పుడు ఎండుతుంది, ఏ కుంటలో వేసవిలో కూడా నీళ్లుంటాయి అన్నది నాయక్‌కు తెలిసి తీరాలి. ఇక్కడ ఒక విషయం గమనించండి. నడిచే జనం ఒకే బాయి నీళ్లు ఏళ్ల తరబడి తాగరు. ఈ వారం ఒక చెరువు, వచ్చే వారం ఇంకో వాగు. కాబట్టి నీళ్లతో వాళ్లకు కలరా, విరేచనాలు లాంటి జబ్బులు వచ్చి ఉండొచ్చు గానీ, ఒకే నీటిని పదేళ్లు ఇరవై ఏళ్లు తాగితే ఎముకల్లో పేరుకునే జబ్బుకు అవకాశం తక్కువ. ఆ జబ్బు మనం ఒకచోట స్థిరపడ్డాక మొదలైంది.

బిడారు ఆగింది

19వ శతాబ్దం రెండో సగంలో రైళ్లు, బండ్ల బాటలు వచ్చాయి. ఉప్పు వ్యాపారాన్ని బ్రిటిష్ ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకుంది. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసే మన వృత్తి దెబ్బతిన్నది. దానికి తోడు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చి, తిరిగే జాతులను అనుమానంగా చూడడం మొదలుపెట్టారు. అలా మన వాళ్లు ఎక్కడికక్కడ ఆగిపోయి తండాలు కట్టుకున్నారు.

ఆగింది ఎక్కడ? మాగాణి భూములు, పెద్ద చెరువుల కింది ఆయకట్టు అప్పటికే ఊళ్ల చేతుల్లో ఉన్నాయి. మనకు మిగిలింది గుట్టల పక్కన, అడవి అంచున, బంజరు నేలల్లో. దేవరకొండ ప్రాంతంలో తండాలు ఎక్కువగా రాతి గుట్టల నడుమ ఉండడానికి కారణం ఇదే. ఆ రాయి తరువాత మన నీళ్లను ఏం చేసిందో ముందు ముందు చూద్దాం.

ఆ రోజుల్లో తండాకు నీళ్లు వాగు చెలిమ నుంచి వచ్చేవి. ఎండిన వాగు ఇసుకలో చేతులతో గుంట తీస్తే కాసేపటికి నీళ్లు ఊరతాయి. మొదట ఊరిన నీటిని తోడిపోసి, తేటగా ఊరిన నీటిని ముంతతో కుండలోకి నింపుకునేవారు. మన యాడీలు, నానమ్మలు దీన్ని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కానీ ఇంజనీరింగ్ పుస్తకాల్లో ఇసుక వడపోత అని రాసేది ఇదే. ఇసుక పొర మట్టిని, చాలా వరకు క్రిములను ఆపుతుంది. వానాకాలంలో బురద నీళ్లు వస్తే చిల్లగింజను కుండ లోపలి గోడకు రుద్దేవారు. ఆ గింజ రసం నీళ్లలోని సన్నటి మట్టిని ఒకదానికొకటి అంటించి అడుగుకు దించుతుంది. మునగ గింజ కూడా ఇదే పని చేస్తుంది.

ఈ పద్ధతులను చిన్నచూపు చూడకండి. అలాగని వాటికి లేని శక్తిని కూడా అంటగట్టకండి. చిల్లగింజ మట్టిని దించుతుంది, నీళ్లలో కరిగిపోయి ఉన్న ఖనిజాన్ని దించలేదు. చక్కెర కలిపిన నీటిని ఎంత సన్నటి గుడ్డతో వడగట్టినా తీపి పోదు కదా. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, ఈ వ్యాసమంతా దాని మీదే నడుస్తుంది.

నారికురుపు, రెండు మడతల గుడ్డ

మీ తాతలను అడిగితే నారికురుపు గురించి చెబుతారు. కాలి మీద బొబ్బ లేచి, అది పగిలి, లోపలి నుంచి తెల్లటి దారం లాంటి పురుగు రోజుకు కొంచెం కొంచెంగా బయటకు వచ్చేది. కొన్నిసార్లు అది మీటరు దాకా పొడవుండేది. పుల్లకు చుట్టి నెమ్మదిగా లాగేవారు, మధ్యలో తెగితే కాలు వాచి మనిషి మంచం పట్టేవాడు. అది సరిగ్గా వ్యవసాయ పనుల రోజుల్లో వస్తే ఆ ఇంటికి కూలీ లేదు, గింజ లేదు.

ఈ పురుగు ఎలా వస్తుంది? కాలి మీద కురుపు ఉన్న మనిషి దిగుడుబాయిలో దిగి నీళ్లు ముంచుకుంటే, పురుగు తన పిల్లలను ఆ నీళ్లలో వదులుతుంది. వాటిని నీటిలో ఉండే కంటికి కనీకనబడని చిన్న జీవులు మింగుతాయి. ఆ నీళ్లు తాగిన మనిషి కడుపులోకి పురుగు పిల్లలు చేరి, ఏడాది తరువాత మళ్లీ కాలి మీద కురుపై లేస్తాయి.

దీనికి మందు లేదు, టీకా లేదు. అయినా దేశం దీన్ని గెలిచింది. 1980ల మొదట్లో జాతీయ నిర్మూలన కార్యక్రమం మొదలైనప్పుడు అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా జబ్బు ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. దిగుడుబాయిలను మూయడం, గోడకట్టి చేదబాయిలుగా మార్చడం, బాయిలో మందు కలపడం, అన్నిటికంటే ముఖ్యంగా ప్రతి ఇంట్లో నీళ్లను రెండు మడతల సన్నటి గుడ్డతో వడగట్టి తాగడం. ఆ చిన్న జీవి గుడ్డలో నుంచి దూరలేదు, అందుకే గుడ్డ చాలింది. 1996లో దేశంలో చివరి కేసు నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశం ఈ జబ్బు నుంచి విముక్తమైందని ప్రకటించింది.

ఇంటి వడపోత చరిత్రలో ఇది మన ఆడవాళ్ల గెలుపు. కానీ గెలుపు వెనకాలే ఇంకో ముప్పు నిలబడి ఉంది.

బోరింగు వచ్చింది

1966-67 కరువు తరువాత గట్టి రాతి నేలలో బోరు వేసే యంత్రాలు మన దేశంలో ఎక్కువయ్యాయి. యూనిసెఫ్ అందుకు సాయం చేసింది. 1970లలో ఇండియా మార్క్-2 అనే గట్టి చేతి పంపు తయారైంది. ఊరూరా, తండా తండాకు బోరింగు వచ్చింది. మైళ్ల దూరం నడిచి చెలిమ దగ్గర గంటలు కూర్చునే ఆడవాళ్లకు అది నిజంగా పండుగే. బోరు నీళ్లు తేటగా ఉంటాయి, వాసన రాదు, కలరా తగ్గుతుంది, నారికురుపు పురుగు లోతు నీళ్లలో ఉండదు.

అయితే గ్రానైటు రాతి పొరల్లో ఫ్లోరిన్ కలిసిన ఖనిజాలు ఉంటాయి. వాన నీళ్లు భూమిలోకి దిగి ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటే ఆ ఖనిజం కొద్దికొద్దిగా కరుగుతుంది. నీళ్లలో సున్నపు ధాతువు, అంటే కాల్షియం, ఎక్కువగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దించేస్తుంది. కాల్షియం తక్కువగా, క్షార గుణం ఎక్కువగా ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ అలాగే ఉండిపోతుంది. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ ఉన్న చోట కొత్త నీరు చేరక ఇది ఇంకా పెరుగుతుంది. నల్లగొండ పశ్చిమ భాగంలో ఈ కారణాలన్నీ ఒకచోట కలిశాయి. వాగు చెలిమలోని నీరు ఈ ఏటి వాన నీరు. బోరు లోతులోని నీరు ఎన్నో ఏళ్లుగా రాతితో కాపురం చేసిన నీరు. సాధారణంగా లోతుకు పోయే కొద్దీ ఫ్లోరైడ్ ముప్పు పెరగడానికి కారణం ఇదే.

లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉంటే మంచిదని, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం చెబుతుంది. దానికి రంగు, రుచి, వాసన ఏవీ లేవు. తేటగా ఉన్న నీళ్లు మంచి నీళ్లు అన్న మన పెద్దల లెక్క ఇక్కడ తప్పింది. వాళ్లను మోసం చేసింది నీళ్ల తేటదనమే.

దర్శి నుంచి నల్లగొండకు

ఈ జబ్బును మన దేశంలో మొదట గుర్తించింది తెలుగు నేల మీదే. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో, తరువాత ప్రకాశం జిల్లాలో చేరిన దర్శి, పొదిలి ప్రాంతంలో మనుషులు నడుము, మెడ బిగుసుకుపోయి కదల్లేకపోతున్నారు. షార్ట్ అనే వైద్య శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి దాన్ని పరిశోధించి, తాగే నీటిలోని ఫ్లోరైడ్ దీనికి కారణమని 1937లో ప్రచురించాడు. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి ఎ.హెచ్. సిద్ధిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో పిల్లల మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేలా వంగిపోతున్న సంగతిని లాన్సెట్ పత్రికలో రాశారు.

ఈ తేదీలను వరుసగా చూడండి. 1937, 1955, 1973. అంటే బోరింగులు తండాలకు వచ్చేనాటికే ఫ్లోరైడ్ సంగతి లోకానికి తెలుసు. తెలియనిది ఆ నీళ్లు తాగేవాళ్లకే. బోరు వేసినవాళ్లు నీళ్లు పడ్డాయా లేదా అని చూశారు, నీళ్లలో ఏముందో చాలాచోట్ల చూడలేదు.

ఈ జబ్బు రెండు రకాలుగా కనబడుతుంది. మొదటిది పళ్ల మీద. చిన్న వయసులో, దాదాపు ఎనిమిదేళ్ల లోపు, లోపల పళ్లు తయారవుతున్నప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువైతే పంటి పైపొర సరిగ్గా గట్టిపడదు. తెల్లటి మచ్చలు, తరువాత పసుపు, గోధుమ రంగు గీతలు పడతాయి. వీటినే మనం గారపళ్లు అంటాం. ఎంత తోమినా పోవు, ఎందుకంటే అది మురికి కాదు. రెండోది ఎముకల మీద. ఏళ్ల తరబడి తాగితే కీళ్లు, వెన్నెముక బిగుసుకుపోతాయి, కాళ్లు వంకరపోతాయి. ఒకసారి వంగిన ఎముకను తిరిగి సరిచేసే మందు లేదు. రాకుండా ఆపడం ఒక్కటే వైద్యం.

మన జిల్లా పేరుతో ఒక పద్ధతి

నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో ఫ్లోరైడ్‌ను తొలగించే ఒక చవకైన పద్ధతిని రూపొందించారు. దాని పేరే నల్లగొండ పద్ధతి. ప్రపంచంలో నీటి శుద్ధి గురించి చదివే విద్యార్థులందరికీ మన జిల్లా పేరు ఇలా తెలిసింది.

పద్ధతి సులువు. బకెట్ నీళ్లలో కొలత ప్రకారం సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక కలిపి పది నిమిషాలు నెమ్మదిగా తిప్పాలి. పటికతో తెల్లటి తెట్టు లాంటిది ఏర్పడి ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది. గంటసేపు కదపకుండా ఉంచితే అది అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీటిని, బకెట్ అడుగు నుంచి కొంచెం ఎత్తులో పెట్టిన నల్లా ద్వారా వడగట్టి పట్టుకోవాలి. అడుగున మిగిలిన దాన్ని పశువులు తాగని చోట పారబోయాలి.

మరి ఇంత సులువైన పద్ధతి ఇంటింటా ఎందుకు నిలవలేదు? ఎందుకంటే పటిక ఎంత వేయాలన్నది ఆ నీటిలో ఫ్లోరైడ్ ఎంత, క్షార గుణం ఎంత అన్నదాని మీద ఆధారపడుతుంది. ఒక బాయికి సరిపోయిన కొలత పక్క బాయికి సరిపోదు. తక్కువ వేస్తే ఫ్లోరైడ్ పోదు, ఎక్కువ వేస్తే రుచి చెడిపోయి అల్యూమినియం నీళ్లలో మిగులుతుంది. పొద్దున్నే కూలికి పోయే తల్లి రోజూ కొలత పెట్టి, తిప్పి, గంట ఆగి నీళ్లు పట్టుకోవాలంటే కుదిరే పనేనా? తరువాత యాక్టివేటెడ్ అల్యూమినా అనే గుళికలతో ఇంటి ఫిల్టర్లు వచ్చాయి. అవి ఫ్లోరైడ్‌ను బాగానే పట్టుకుంటాయి. కానీ కొంతకాలానికి గుళికలు నిండిపోతాయి, వాటిని మందుతో కడిగి మళ్లీ సిద్ధం చేయాలి. కడిగేవాళ్లు రానప్పుడు ఫిల్టర్ ఇంట్లో ఉంటుంది, ఫ్లోరైడ్ కూడా నీళ్లలోనే ఉంటుంది.

నీళ్ల కోసం నామినేషన్లు

ఆ కాలంలో కృష్ణ దూరంగా ఏమీ లేదు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాది వేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. డ్యాం మన జిల్లా అంచున ఉంది, కానీ దేవరకొండ, మునుగోడు వైపు మెట్ట భూములు కాలువ కంటే ఎత్తులో ఉండిపోయాయి. తరువాత కృష్ణ నీళ్లను ఎత్తి హైదరాబాద్‌కు పంపే పెద్ద పైపులు మన జిల్లా మీదుగానే వేశారు. పైపు పక్కన ఊళ్లు బోరు నీళ్లు తాగుతుంటే, పైపులో కృష్ణమ్మ పట్నానికి పోయింది.

ఈ అన్యాయాన్ని దేశానికి చూపించడానికి జలసాధన సమితి ఒక దారి ఎంచుకుంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైంది. ఎన్నికల సంఘం పోలింగు తేదీనే మార్చాల్సి వచ్చింది. ఆ తరువాత డిపాజిట్ సొమ్మును పెంచడానికి ఇలాంటి ఎన్నికలు కూడా ఒక కారణం. 2003లో మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన అంశల స్వామి అనే ఫ్లోరోసిస్ బాధితుడైన పిల్లవాణ్ని ఢిల్లీకి తీసుకుపోయి ప్రధాని వాజపేయి ముందు బల్ల మీద పడుకోబెట్టారు. ఆ ఫోటో చూసినవాళ్లు మరచిపోలేరు. స్వామి 2023 జనవరిలో మరణించాడు.

2015 జూన్‌లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరించారు. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో పథకం ప్రారంభమైంది. నది నీళ్లను శుద్ధి చేసి పైపుల ద్వారా ఇంటింటికీ ఇవ్వడం దాని లక్ష్యం. 2020 నాటికి కేంద్రం లెక్కల్లో తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాల సంఖ్య సున్నాకు చేరింది. 1937 నుంచి లెక్కేస్తే 83 ఏళ్లు. మూడు తరాలు.

పిల్లలు నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటారు

పదిహేనేళ్లకు పైగా నేను గిరిజన బాలికల హాస్టళ్లలో పని చేస్తున్నాను. కొత్తగా చేరిన పిల్ల నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటే, ఆ పిల్ల ఏ వైపు తండా నుంచి వచ్చిందో సగం తెలిసిపోతుంది. తోమకుండా వచ్చావా అని తోటి పిల్లలు వెక్కిరిస్తారు. ఆ పిల్ల బొగ్గుతో, ఇటుక పొడితో గట్టిగా రుద్ది చిగుళ్ల నుంచి రక్తం తెచ్చుకుంటుంది. పెళ్లి చూపుల్లో పళ్లు చూసి వెనక్కి పోయిన సంబంధాలు మీ ఇళ్లలోనూ ఉండి ఉంటాయి. ఇది శుభ్రతకు సంబంధించింది కాదు, నీళ్లకు సంబంధించింది అని క్లాసులో అందరి ముందు చెప్పాను. అప్పటి నుంచి వెక్కిరింపు కొంత తగ్గింది.

ఒకే తండా, ఒకే ఇంటి అక్కాచెల్లెళ్లు నా దగ్గర చదివారు. అక్క పళ్ల మీద గోధుమ గీతలు. నల్లా నీళ్లు వచ్చాక పెరిగిన చెల్లెలి పళ్లు తెల్లగా ఉన్నాయి. పైపు నీళ్లు చేసిన మేలు ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఆ ఇద్దరి నవ్వులు గుర్తుకొస్తాయి.

అయితే కథ ముగిసిందనుకోకండి. సెలవుల తరువాత పిల్లలు వచ్చి చెబుతుంటారు, మోటారు కాలిపోయిందని, పైపు పగిలిందని, నల్లా నీళ్లు మందు వాసన వస్తున్నాయని తండాలో మళ్లీ పాత బోరు నీళ్లే తాగుతున్నారని. మందు వాసన క్లోరిన్‌ది. అది క్రిములను చంపడానికి వేసినది, కాసేపు మూత తీసి ఉంచితే తగ్గుతుంది. ఆ వాసనకు భయపడి రుచిగా ఉండే ఫ్లోరైడ్ నీళ్లకు తిరిగిపోవడం ఎంత నష్టమో ఇంట్లో వాళ్లకు మీరే చెప్పాలి.

ఏ నీటికి ఏ వడపోత

చరిత్ర నుంచి మనం నేర్చుకోవాల్సింది ఇదే. నీళ్లలో ఏముందో తెలియకుండా ఫిల్టర్ కొనడం, జబ్బు ఏమిటో తెలియకుండా మందు మింగడం లాంటిది.

బురద, చెత్త ఉంటే: పటిక లేదా చిల్లగింజతో తేర్చి, గుడ్డతో వడగట్టాలి.

క్రిములు ఉంటే: నీళ్లను బాగా తెర్లించి చల్లార్చాలి, లేదా క్లోరిన్ మాత్రలు వాడాలి. క్యాండిల్ ఫిల్టర్ చాలా వరకు ఆపుతుంది, కానీ క్యాండిల్‌ను తరచూ కడగాలి. యూవీ ఫిల్టర్ క్రిములను మాత్రమే చంపుతుంది.

ఇనుము ఉంటే: నీళ్లు పట్టిన కాసేపటికి ఎర్రబడతాయి. ఒక బిందె నుంచి ఇంకో బిందెలోకి ఎత్తు నుంచి పోసి, గాలి తగలనిచ్చి, ఇసుకతో వడగడితే తగ్గుతుంది.

ఫ్లోరైడ్ ఉంటే: గుడ్డ, క్యాండిల్, యూవీ ఏవీ పనిచేయవు. కాచడం అసలే వద్దు. నీరు ఆవిరైపోతుంది, ఫ్లోరైడ్ మిగిలిపోతుంది, అంటే మిగిలిన నీళ్లలో అది ఇంకా ఎక్కువవుతుంది. ఆర్‌వో లేదా యాక్టివేటెడ్ అల్యూమినా లాంటివి పనికొస్తాయి. ఆర్‌వో అయినా పొర పాడైతే పని చేయదు. పోసిన నీళ్లలో చాలా భాగం వృథాగా బయటకు వదులుతుంది, అందులో ఫ్లోరైడ్ మరింత చిక్కగా ఉంటుంది కనుక దాన్ని పశువులకు పెట్టకూడదు.

నైట్రేట్ ఉంటే: ఇది ఎరువులు, మరుగుదొడ్ల గుంతల నుంచి వస్తుంది. పసిపిల్లలకు ప్రమాదం. దీన్నీ కాచి తీసేయలేం. బాయికి, మరుగుదొడ్డి గుంతకు మధ్య దూరం ఉంచడమే మొదటి జాగ్రత్త.

అన్నిటికంటే చవకైన ఫ్లోరైడ్ లేని నీళ్లు ఆకాశం నుంచి వస్తాయి. మొదటి వాన కప్పును కడిగి పోనిచ్చి, తరువాతి వాన నీటిని మూత ఉన్న డ్రమ్ములో పట్టుకుని, క్లోరిన్ వేసుకుంటే వంటకు, తాగడానికి వాడుకోవచ్చు.

తిండి కూడా ఒక కవచమే. పాలు, రాగులు, ఆకుకూరల్లోని కాల్షియం, ఉసిరి, జామలోని విటమిన్ సి ఫ్లోరైడ్ చేసే నష్టాన్ని తగ్గిస్తాయి. జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2002లో ప్రచురించిన అధ్యయనంలో రోజుకు పది గ్రాముల చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటకు పోయిందని తేలింది. మన చింతపులుసును చిన్నచూపు చూడకండి. నల్ల ఉప్పు, డికాక్షన్ టీ, పోకచెక్కల్లో ఫ్లోరైడ్ ఎక్కువ, పిల్లలకు పెట్టకండి.

మీ తరం పని

లంబాడాలకు తెలంగాణలో షెడ్యూల్డ్ తెగ హోదా 1976 చట్టంతో వచ్చింది. 2018 తరువాత వెయ్యికి పైగా తండాలు, గూడేలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. అంటే ఇప్పుడు నీటి ట్యాంకు, పైపు, క్లోరిన్ డబ్బా మన సర్పంచి చేతిలోనే ఉన్నాయి. ఊరివాళ్లు చూడలేదని అనడానికి ఇక వీల్లేదు.

జల్‌జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు ఫీల్డ్ టెస్ట్ కిట్‌తో నీటి పరీక్ష నేర్పాలన్నది నియమం. మీ తండాలో ఆ ఐదుగురు ఎవరో కనుక్కోండి. లేకపోతే మీ అక్కను, వదినను ఆ పనికి పంపండి. కిట్‌తో తేలింది జిల్లా గ్రామీణ నీటి సరఫరా ప్రయోగశాలలో సరిచూడమని దరఖాస్తు ఇవ్వండి. ఫలితాన్ని పంచాయతీ గోడ మీద, ప్రతి పాత బోరు మీద రాయించండి. తాగొచ్చు అని పచ్చ రంగులో, తాగరాదు అని ఎర్ర రంగులో. ఎర్ర రంగు బోరు నీళ్లు స్నానానికి, బట్టలకు పనికొస్తాయి, దాన్ని మూయనక్కర్లేదు. కానీ పసిపిల్ల గ్లాసులోకి ఆ నీళ్లు పోకూడదు.

తీజ్ పండుగకు మన ఆడపిల్లలు తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలకు నీళ్లు పోసి పెంచుతారు. మొలక పచ్చగా లేస్తే ఇంటికి మంచిదంటారు. మొలకకు పోసే నీళ్ల గురించి అంత శ్రద్ధ తీసుకునే పిల్లలు, తమ్ముడి నోట్లోకి పోయే నీళ్ల గురించి అడగడంలో తప్పేముంది? ఎవరి రంజనులో నీళ్లయినా తాగే హక్కు గురించి మన ముత్తాతలు గొప్పగా చెప్పుకున్నారు. మన రంజనులో ఉన్న నీళ్లు ఎలాంటివో తెలుసుకునే హక్కును మీరు సంపాదించండి.

జై సేవాలాల్.